ఆ కంపెనీ అసలుదో గొలుసుకట్టుదో మా అక్క నోట్‌బుక్కులో తేలింది

ప్రశ్న: మా తమ్ముడు ఒక ఎంఎల్‌ఎం కంపెనీలో, అంటే ఒకరి కింద ఒకరిని చేర్పిస్తూ సరుకు అమ్మించే కంపెనీలో చేరతానంటున్నాడు. అది చట్టబద్ధమైనదా, లేక కొత్తగా చేరేవాళ్ల డబ్బుతోనే నడిచే పిరమిడ్ స్కీమా అన్నది ఎలా తెలుసుకోవాలి?

మీ తమ్ముడు ఈపాటికి మీకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, జీఎస్టీ నంబరు చూపించే ఉంటాడు. వాటిని పక్కన పెట్టండి. కంపెనీ ఉందని చెప్పడానికే అవి పనికొస్తాయి. దాని డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో ఆ కాగితాల్లో ఉండదు. మా అక్కావాళ్లింట్లో అలాంటి సర్టిఫికెట్టు లామినేషన్ చేయించి మరీ టీవీ పక్కన పెట్టారు.

అక్క ఖమ్మంలో ప్రైవేటు స్కూలు టీచరు. 2018లో తోటి టీచరొకావిడ హైదరాబాద్‌లో మీటింగుందని తీసుకెళ్లింది. తిరిగొచ్చిన రాత్రే అక్క తెలిసినవాళ్ల పేర్లు వంద రాసింది. నాది మూడో పేరు. పాలు పోసే అతని పేరూ ఉంది అందులో.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు అటక మీద అట్టపెట్టెలు కనిపించాయి. దించి చూస్తే ప్రొటీన్ పొడి డబ్బాలు, టూత్‌పేస్టులు, గిన్నెలు తోమే లిక్విడ్ సీసాలు. డబ్బాలు తిప్పి తారీఖులు చూశాను. మూడింటికి ఆ నెలాఖరుతో గడువు అయిపోతోంది.

"ఇవన్నీ ఎవరు కొంటారక్కా?" అన్నాను.

"అమ్మడానికి కాదురా. ఈ నెల పాయింట్లు తగ్గితే లెవెల్ పోతుంది. అందుకని నేనే తీసుకున్నా" అంది.

నేను రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. నోట్‌బుక్కు తెమ్మని పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు, అక్క దగ్గర కొన్నవాళ్లలో తామూ గొలుసులో చేరినవాళ్లు. కుడివైపు, చేరకుండా వస్తువు కోసమే కొన్నవాళ్లు. ఎడమవైపు పదకొండు పేర్లు వచ్చాయి. కుడివైపు ఒక్కటే: పక్కింటి మామ్మగారు, ఒక టూత్‌పేస్టు. అదీ మొహమాటానికి, ఒక్కసారి. తర్వాత డబ్బుల లెక్క తీశాం. అక్క కట్టింది నలభై మూడు వేలు, కమీషన్‌గా వచ్చింది ఆరు వేల రెండు వందలు. అక్క చాలాసేపు ఆ పేజీ చూసి, "అంటే నేను కొనుక్కున్నదే అమ్మకం కింద రాసుకున్నారా?" అంది. అప్పటికి ఆమె మెళ్లో బంగారు గొలుసు తాకట్టులో ఉందని మా బావగారికి కూడా తెలియదు.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ గీతే. గొలుసులో లేని మనిషి, కమీషన్ ఆశ లేకుండా, ఆ వస్తువును ఆ రేటుకు మళ్లీ మళ్లీ కొంటున్నాడా? కొంటుంటే అది వ్యాపారం. కొనేవాళ్లంతా చేరినవాళ్లే అయితే, డబ్బాలో ఏమున్నా అది పిరమిడే.

"చట్టబద్ధమా" అని అడిగితే ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అని తిరిగి అడగాల్సి వస్తుంది. ఆమ్వే అనే అమెరికా ఎంఎల్‌ఎం కంపెనీ సంగతే చూడండి. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అది పిరమిడ్ కాదంది. బయటి కస్టమర్లకు అమ్మి తీరాలని, మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలని ఆ కంపెనీకి నియమాలున్నాయన్నది ఒక ముఖ్య కారణం. అదే కంపెనీ వేసిన కేసులో 2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ పథకం 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ (మనుషుల్ని చేర్పిస్తే డబ్బొస్తుందనే పథకాలు) నిషేధ చట్టం కిందికి వస్తుందంది. తర్వాత కేంద్రం 2016లో మార్గదర్శకాలు, 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు. చేరినవాడు వద్దనుకుంటే జరిమానా లేకుండా తప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. మంచి నిబంధనలే. కానీ ఎంట్రీ ఫీజును "స్టార్టర్ కిట్" అని పేరు మార్చి వసూలు చేస్తే మీటింగు హాల్లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఆ మీటింగుల్లో బోర్డు మీద "మీ కింద ఆరుగురు, వాళ్ల కింద ఆరుగురు" అని గీస్తారు. మూడు అంచెలు గీసి ఆపేస్తారు. ఆపకుండా గీయమనండి. పదకొండో అంచెకు 36 కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా ఎనిమిదిన్నర కోట్లు లేరు. అట్టడుగున ఉన్నవాడికి కిందవాళ్లు ఎక్కడ దొరుకుతారు? అందరికంటే ఎక్కువమంది ఉండేదీ ఆ అట్టడుగు వరసలోనే.

ఇంకో బాధ కూడా చెప్పాలి. వీళ్ల మూలంగా ఊళ్లో నిజాయితీగా చీటీలు నడిపేవాళ్లకీ చెడ్డపేరు వస్తోంది. చీటీలకు 1982 నుంచి వేరే చట్టం ఉంది, రిజిస్టరైన చీటీ వేరు, ఈ గొలుసు వేరు. అంతకన్నా నాకు కోపం తెప్పించేది, టీచర్లను పట్టుకోవడం. టీచరు మాట తల్లిదండ్రులు కాదనలేరు. మా అక్క పదకొండు పేర్లలో నలుగురు ఆమె క్లాసు పిల్లల తల్లులు. ఆ నలుగురి ఇళ్లకూ అక్క స్వయంగా వెళ్లి, ఏడాది పాటు జీతంలోంచి కొంత కొంత తిరిగిచ్చింది. కంపెనీ మాత్రం గడువు దాటిందని చెప్పి ఒక్క డబ్బా కూడా వెనక్కి తీసుకోలేదు.

మీ తమ్ముడితో వాదించకండి, వాదిస్తే మొండికేస్తాడు. తనను చేరమంటున్న మనిషి దగ్గరికి వెళ్లి, పోయిన నెల గొలుసు బయటివాళ్లకు అమ్మిన బిల్లులు పది చూపించమని అడగమనండి. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే రసీదు, ఒప్పంద పత్రం దగ్గర పెట్టుకుని ఈ రోజే తప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా పంపించండి. వాళ్లు డబ్బు తిరిగివ్వబోమంటే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేయించండి. వచ్చే ఆదివారం మీటింగు దాకా ఆగవద్దు.