రాత్రిపూట సన్నటి హోరు: పై ఫ్లాట్ వాళ్లపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది సీతమ్మధారలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. రాత్రి పదకొండు దాటి బళ్ల రొద తగ్గాక మా పడకగదిలో సన్నగా గుంయ్‌మని హోరు వినిపిస్తోంది. పై ఫ్లాట్ వాళ్లు ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని మా కిటికీ పక్క గోడకే బిగించారు. అడిగితే ‘మాకేం వినిపించట్లేదండీ’ అంటున్నారు. మా ఆవిడకీ అంతగా తెలియడం లేదు. నాకు మాత్రం నిద్ర పట్టదు. ఫోన్ యాప్‌లో 38 డెసిబెల్స్ చూపిస్తోంది. పోలీసు కేసు పెట్టవచ్చా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: పోలీసు కేసు నిలబడదండీ. స్టేషన్ చుట్టూ తిరిగి టెన్షన్ పెంచుకోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. శబ్దం అంతకన్నా 10 డెసిబెల్స్ ఎక్కువుంటేనో, మైకులు, హారన్ల వంటి వాటిపై రాత్రిపూట ఉన్న నిషేధాన్ని ఎవరైనా మీరితేనో ఫిర్యాదు చేయవచ్చు. మీ 38 ఆ దరిదాపుల్లో లేదు. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్‌లోని పబ్లిక్ న్యూసెన్స్ కూడా కుదరదు. దానికి నలుగురికీ ఇబ్బంది కలగాలి, ఒక్క పడకగది చాలదు.

మీకు మిగిలింది సివిల్ దారి, అంటే ప్రైవేటు న్యూసెన్స్ (పొరుగువారి వల్ల మీ ఇంట్లో మీకు కలిగే ఇబ్బందిపై దావా). అందులో ఇన్ని డెసిబెల్స్ ఉండాలన్న లెక్క లేదు. ఆ చోట, ఆ వేళలో మామూలు మనిషి భరించగలడా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. 1889లో ఇంగ్లండులో రాబిన్‌సన్ వర్సెస్ కిల్వర్ట్ అనే కేసు నడిచింది. కింది సెల్లారులోని వేడికి పైన నిల్వ చేసిన ఒక సున్నితమైన కాగితం పాడైంది. మామూలు కాగితమైతే పాడయ్యేది కాదు కాబట్టి దావా కొట్టేశారు. మీ ఆవిడకు వినిపించడం లేదన్న మాటను అవతలి లాయరు సరిగ్గా ఇలాగే, మీరే మరీ సున్నితమని చెప్పడానికి వాడుకుంటాడు.

అందుకే కేసు కన్నా ముందు ఆ హోరు ఎక్కడిదో తేల్చుకోండి. కరెంటు పోగానే ఆగుతోందా? పై వాళ్లు ఊరెళ్లిన రోజుల్లోనూ వస్తోందా? తేదీ, వేళ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి. వాళ్లు లేనప్పుడు కూడా వినిపిస్తే వాళ్ల మీద కేసు అక్కడితో సరి. ఏమీ అనుకోకండి, ఒకసారి ఇఎన్‌టీ డాక్టరుకు కూడా చూపించుకోండి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు చెవులు బాగానే ఉన్నవారిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందన్నారు. బయటి రొద లేనప్పుడు చెవి తన శబ్దం తానే వింటుంది. చెవిలో తేడా లేదని రిపోర్టు వస్తే అది కోర్టులో మీకే పనికొస్తుంది.

యాప్ అంకెను మరీ నమ్మకండి, అలాగని అది చూసి నీరుగారిపోనూ వద్దు. నియమాల్లోని కొలత ‘ఏ’ స్కేలు, అంటే మనిషి చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు సరిచేసిన కొలత. అది బొంగురు శబ్దాలను బాగా తగ్గిస్తుంది: 100 హెర్ట్జ్ (సెకనుకు వంద కంపనాలు) దగ్గరి శబ్దాన్ని సుమారు 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ శబ్దాన్ని సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. మోటార్ల హోరు చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. మీటరులో చిన్న అంకె కనిపించినా గోడలో అదురు నిజంగానే ఉండవచ్చు.

నా దృష్టిలో మీ కేసుకు బలం హోరు కాదు, గోడ. అపార్ట్‌మెంట్‌లో బయటి గోడ సాధారణంగా ఉమ్మడి ఆస్తి. మీ సేల్ డీడ్, అసోసియేషన్ బైలాలు తీసి చూడండి. అనుమతి లేకుండా బిగించారని తేలితే, యూనిట్‌ని మార్చమని అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. దాని కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే చాలాసార్లు అదురు తగ్గిపోతుంది, ఖర్చూ తక్కువే. ఆ ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పి చూడండి. కోపంలో వాళ్ల ఏసీ వైరు లాగేయడంలాంటివి మాత్రం చేయకండి. అప్పుడు పోలీసు కేసు మీ మీద అవుతుంది.

దావా వేయక తప్పకపోతే ఇంజంక్షన్‌తో (ఆపమనే కోర్టు ఉత్తర్వుతో) పాటు, స్వయంగా చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని కూడా అడగాలి. తనిఖీ రాత్రి పదకొండు తర్వాతే జరగాలని ఆ పిటిషన్‌లోనే రాయించండి. పట్టపగలు వస్తే సీతమ్మధార ట్రాఫిక్ తప్ప ఆయనకేం వినిపిస్తుంది?

దానికన్నా ముందు విశాఖ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే దావాకు ముందే రాజీ కోసం అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. వాళ్లు పై ఫ్లాట్ వాళ్లకు నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తర్వాత వాళ్లు మాట తప్పితే దాన్ని అమలు చేయించమని నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసుకోవచ్చు.