లాగినా రాని డైనింగ్ టేబుల్

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. లాగితే పొడవయ్యే రబ్బరు చెక్క డైనింగ్ టేబుల్ ఉంది. మధ్యలో పలక వేస్తే ఆరుగురు కూర్చోవచ్చు. దీపావళికి చుట్టాలొచ్చారని లాగితే రెండు వేళ్ల సందు తెరుచుకుని ఆగిపోయింది. ఇప్పుడు ముందుకూ రాదు, వెనక్కీ పోదు. వడ్రంగి చూసి, వానకు ఉబ్బింది, అంచులు చిత్రిక పట్టాలంటున్నాడు. పట్టించమంటారా?

జవాబు: వద్దండి. వానాకాలంలో చెక్క ఉబ్బే మాట నిజమే. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి నిండా తేమ. ఆ తేమ పీల్చిన చెక్క నార పొడుగునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. కానీ మీ బల్ల అంచులు అప్పటికే రెండు వేళ్లు విడిపోయాయి కదా! ఒకదాన్నొకటి తాకని అంచుల్ని చెక్కితే ఒరిగేదేముంది? పైగా ఇప్పుడు చెక్కించిన అంచులు కత్తిరి ఎండలకు ముడుచుకుని, అన్నం మెతుకులు జారిపోయేంత సందు చేస్తాయి. అంచుల్ని ఒకదానికొకటి కలిపే పిన్నులూ కారణం కాదు. అవి మామూలుగా సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే బయటికి ఉంటాయి, ఈపాటికి ఊడి వచ్చే ఉంటాయి. తేడా అడుగున బల్ల సగాలు జారే పట్టాల్లోనే.

ముందు టేపు పెట్టి సందు రెండు కొసల్లోనూ కొలవండి. ఒక వైపు 30 మిల్లీమీటర్లు, మరో వైపు 36 ఉంటే బల్ల ఏటవాలుగా బిగుసుకుందన్నమాట. ఒకరే మూల పట్టుకుని లాగితే జరిగేది ఇదే: ఒక పట్టా ముందుకు పోతుంది, రెండోది వెనకబడుతుంది, రెండూ గాడిలో అడ్డం పడతాయి. ఇంకా గట్టిగా లాగితే ఇంకా బిగుస్తుంది. కాబట్టి ముందుకెళ్లిన వైపును వెనక్కి నెట్టి, రెండు కొసలూ సమానం చేయండి. కదలకపోతే కింది చట్రానికి, పట్టా దగ్గర, చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టండి. సందులో స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తారో, అంచు పెచ్చు లేచిపోతుంది.

సమానమయ్యాక కూడా రాకపోతే చాప పరుచుకుని బల్ల కింద పడుకోండి, టార్చి ఉండాలి. స్క్రూ తలలు చూడండి. లాగీ నెట్టీ వదులైన స్క్రూ తల కాస్త బయటికొస్తే చాలు, పక్క పట్టా దానికి తగిలి ఆగుతుంది. ఇది తరచూ కనబడే జబ్బు, ఖర్చు లేని వైద్యం: బిగించేయడమే. ఊరికే తిరుగుతుంటే స్క్రూ తీసి, రంధ్రంలో ఫెవికాల్ ముంచిన అగ్గిపుల్లలు కుక్కి, రాత్రంతా ఆరనిచ్చి, పొడుచుకొచ్చినవి కోసేసి, పాత స్క్రూనే బిగించండి. పొడుగు స్క్రూ వేస్తే పై పలకలోంచి మొన బయటికొస్తుంది.

కొన్ని బల్లలకు మధ్యలో పళ్ల కడ్డీలు, చిన్న చక్రం ఉంటాయి. ఒక వైపు లాగితే రెండోదీ కదులుతుంది. చక్రం ఒక పన్ను తప్పినా రెండు సగాలూ సరిగా నడవవు. చక్రం విప్పి, రెండు సగాలనూ పూర్తిగా మూసి, మళ్లీ బిగించాలి.

ఇదీ కాదంటే బల్ల తిరగేయక తప్పదు. కింద దుప్పటి పరిచి, నలుగురు కలిసి చట్రం పట్టుకుని ఎత్తాలి, పై పలక పట్టుకుని కాదు. గాజు ఉంటే ముందే తీసేయండి. పట్టాలు విప్పే ముందు పెన్సిల్‌తో ఎడమ, కుడి, 1, 2, 3 అని రాసుకోండి. అటుదిటు అయితే మళ్లీ మొదటికే. గాడిలోని నల్లటి జిడ్డును టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. చెక్క మీద మెరిసే చారలుంటాయి చూడండి, రాపిడి అక్కడే. ఆ చారల మేరకే 120 నంబరు గరుకు కాగితం, ఆ తర్వాత 220. అర మిల్లీమీటరుకు మించి తీయకండి. చివరగా తెల్ల కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. ఇనుప పట్టాలకైతే కొవ్వొత్తి కాదు, తుడిచి కాస్త లిథియం గ్రీజు. వంగిన ఇనుప పట్టాను సాగదీయడం వృథా, అదే పొడవు జత కొత్తది వేయించండి.

ప్రశ్న: పలక పిన్ను ఒకటి విరిగి రంధ్రంలోనే ఉండిపోయింది. ఏం చేయాలి? (వేళచ్చేరి)

జవాబు: పిన్ను మందం కొలవండి, ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు నడిమధ్య 3 మిల్లీమీటర్ల బిట్టుతో తొలిచి, తర్వాత పిన్ను సైజు బిట్టు వేయండి. నేరుగా పెద్దది పెడితే పక్కకు జారుతుంది. లోతు దాటకుండా బిట్టుకు టేపు చుట్టుకోండి. కొత్త పిన్నుకు ఫెవికాల్ ఒక పక్కే రాయాలి. రెండో పక్క కొసను గుండ్రంగా అరగదీసి మైనం రుద్దండి. రెండు పక్కలా జిగురు పెట్టి, బల్ల తెరుచుకోవడం లేదని మాకు ఉత్తరాలు రాసేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: చెక్క పట్టాలకు కొబ్బరి నూనె రాయవచ్చా?

జవాబు: వద్దు. దుమ్ము పట్టి జిగురవుతుంది. సిలికాన్ స్ప్రే కూడా వద్దు. అది చెక్కకు పడితే రేపు పాలిష్ వేయించినప్పుడు అక్కడక్కడా గుంటలు గుంటలుగా వస్తుంది.