రెండుసార్లు నవ్విందని రాసుకున్నారు, ఎందుకో అడగలేదు

ఉత్తరం: నాకు 33 ఏళ్లు. మాది నరసన్నపేట. సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది ఆరో ఏడు. ఇంటర్నెట్ వచ్చాక మన పల్లెల్లో కుటుంబ సంబంధాలు ఎలా మారాయన్నది నా అంశం. ఫెలోషిప్ గడువు ఏడాది క్రితం అయిపోయింది, ప్రస్తుతానికి నా భార్య జీతంతో ఇల్లు నడుస్తోంది. తను సచివాలయంలో పనిచేస్తుంది. ఇంటికొచ్చాక ఫోన్ వదలదు. నాలుగు నెలలు ఆమె ఏ టైముకి, ఎంతసేపు ఫోన్ చూస్తోందో నోట్‌బుక్‌లో రాశాను. ఒక వారం రౌటర్ పాడైందని చెప్పి నెట్ ఆపేసి, మా మధ్య మాటలు పెరుగుతాయేమో కూడా చూశాను. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. ఆ నోట్‌బుక్ ఆమె కంటపడింది. బొబ్బిలి పుట్టింటికి వెళ్లి 19 రోజులైంది. నెట్ వాడకం పెరిగితే ఇంట్లో మాటలు తగ్గుతాయని 1998లోనే అమెరికాలో తేల్చారు. ఇలాంటి పరిశోధనలు ఇంకా ఏవి చూపిస్తే ఆమెకూ మా మామగారికీ అర్థమవుతుంది? నోట్‌బుక్‌లోని రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను. పేరు రాయవద్దు.

జవాబు: బాబూ, మీ మామగారికి చూపించాల్సిన పరిశోధన ఏదీ లేదు. కూతురు బ్యాగు సర్దుకుని గుమ్మంలో దిగితే ఏ తండ్రీ ఇంగ్లీషు జర్నల్ తిరగెయ్యడు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

ఫొటోలు చూశాను. స్కేలుతో గీతలు, గళ్లు, కింద ఎర్ర సిరాతో మొత్తాలు. ఒక గడిలో ఇలా ఉంది: 'రాత్రి 9.10 నుంచి 9.50. రెండుసార్లు నవ్వింది. ఎవరితోనో తెలియదు.' ఆ గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పక్క గదిలో పెళ్లాం నవ్వుతుంటే 'ఏంటంత నవ్వు, నాకూ చెప్పు' అంటూ వెళ్లి పక్కన కూర్చోవడానికి ఎన్ని అడుగులు? మీరు పెన్ను మూత తీశారు.

మీరు చెప్పే 1998 అధ్యయనం పిట్స్‌బర్గ్‌లోది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం 73 ఇళ్లకు కంప్యూటరూ నెట్టూ ఇచ్చి, 169 మందిని ఒకటి రెండేళ్లు గమనించింది. నెట్ ఎక్కువ వాడినవాళ్లకి ఇంట్లో మాటలు కాస్త తగ్గాయని, ఒంటరితనమూ దిగులూ కాస్త పెరిగాయని రాసింది. నిజమే. కానీ అదే బృందం ఆ మనుషుల్నే మళ్లీ పలకరించింది. ఆ చెడు చాలావరకు చెరిగిపోయిందని 2002లో అచ్చయిన రెండో వ్యాసంలో వాళ్లే ఒప్పుకున్నారు. ఆరేళ్లుగా ఇదే అంశం మీద కూర్చున్న మనిషి 1998 చదివి 2002 చదవలేదంటే నేను నమ్మను. చదివే ఉంటారు. పెళ్లాం మీద కేసుకి పనికిరాదని పక్కన పెట్టి ఉంటారు.

ఆ రెండో వ్యాసంలోనే ఇంకో ముక్క ఉంది. కొత్తగా చేర్చుకున్నవాళ్లలో, చుట్టూ మనుషుల తోడు బాగా ఉన్నవాళ్లకి నెట్ వల్ల మేలు జరిగింది. తోడు తక్కువైనవాళ్లకి చెడు జరిగింది. మరి మీ ఇంట్లో ఆమెకి తోడెవరు? బొబ్బిలి నుంచి నరసన్నపేటకి వచ్చిన పిల్ల, పగలంతా ఆఫీసు, సాయంత్రం వచ్చేసరికి మొగుడు గళ్లు గీసుకుంటూ కూర్చుని ఉంటాడు. మీ నోట్‌బుక్‌లో దానికి గడి లేదు.

రౌటర్ సంగతి మరీ ఘోరం. 2012 జనవరిలో ఫేస్‌బుక్ దాదాపు 6.89 లక్షల మంది మీద ఒక వారం ప్రయోగం చేసింది. కొందరి ఫీడ్‌లో సంతోషం పోస్టులు తగ్గించింది, కొందరికి బాధ పోస్టులు తగ్గించింది, దాన్నిబట్టి వాళ్ల రాతలు మారతాయా అని చూసింది. మీ మీద ప్రయోగం చేస్తున్నామని వాళ్లలో ఎవరికీ చెప్పలేదు. 2014లో వ్యాసం అచ్చయ్యాక నలుదిక్కుల నుంచీ తిట్లు పడ్డాయి. ఇంతా చేసి తేలిన ప్రభావం గోరంత. అనుమతి లేకుండా మనిషి మీద ప్రయోగం చెయ్యకూడదన్న పాఠానికి మీ క్లాసులో కూడా బహుశా ఇదే ఉదాహరణ చెప్పి ఉంటారు. వాళ్లదీ వారమే, మీదీ వారమే. కాకపోతే వాళ్లు ఆ మనుషులతో కాపురం చెయ్యడం లేదు.

మానిపించి చూసినవాళ్లూ ఉన్నారు. 2018 అమెరికా ఎన్నికల ముందు కొందరు ఆర్థికవేత్తలు జనం చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించారు. రోజుకి దాదాపు గంట మిగిలింది. అందులో కొంత ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిపారు, కొంత ఒక్కరే టీవీ ముందు కూర్చున్నారు. మనసు కాస్త తేలికపడింది కూడా. కానీ ముందు అడిగి, ఒప్పుకున్నవాళ్లకి డబ్బిచ్చి మరీ మాన్పించారు. ఇంతకీ మీ వారంలో మాటలు పెరిగాయా? ఆ సంగతి రాయలేదు. పెరిగి ఉంటే ఉత్తరం దాంతోనే మొదలుపెట్టేవారు.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. 'ప్రస్తుతానికి నా భార్య జీతంతో ఇల్లు నడుస్తోంది.' ఫెలోషిప్ గురించి చెబుతూ, కామా పెట్టి, దాని వెనకాల దాచిన మాట ఇది. మీ నొప్పి అక్కడుంది. ఆమె అకౌంట్లో పడిన డబ్బుతోనే మీ బండికి పెట్రోలు, సర్వే ఫారాల జిరాక్సులు. పల్లెలో ఎవరో ముసలాయన 'తమరేటి సేస్తారు బాబూ' అంటే గొంతు పట్టేస్తుంది. ఇంట్లో ఆమెని ఏమీ అనలేరు. అనకుండా ఉండలేరు కూడా. ఎక్కడో ఒకచోట ఆమె కన్నా ఒక మెట్టు పైన నిలబడాలి. అందుకని ఆమెని సబ్జెక్టు చేసి మీరు పరిశోధకుడయ్యారు.

భార్య సంపాదన తినడం సిగ్గని నేననుకోను. మొగుడి సంపాదన మీద ఇన్ని తరాల ఆడవాళ్లు బతికారు, దాన్నెవరూ సిగ్గనలేదు. ఆమె పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె మీద లెక్క రాశారే, సిగ్గుపడాల్సింది దానికి.

పైగా ఆ లెక్కా తప్పే. సచివాలయం ఉద్యోగం నాకు తెలుసు, మా మేనకోడలిదీ అదే పని. హాజరు యాప్, సర్వే యాప్, వాట్సాప్ గ్రూపులు, రాత్రి పదింటికి 'మీ లిస్టు ఇంకా రాలేదు' అని మెసేజ్. మీరు 'ఫోన్' అని రాసిన గంటల్లో జీతం కోసం ఎన్ని, పుట్టింటివాళ్లతో మాటలు ఎన్ని, రీల్స్ ఎన్ని? అన్నీ ఒకే గంపలో పోసి కింద ఎర్ర సిరాతో మొత్తం వేస్తే, మీ గైడ్ అయినా ఒప్పుకుంటారా?

మా అత్తగారు ల్యాండ్‌లైన్‌కి తాళం వేసేవారు. డయల్ కన్నంలో చిన్న ఇత్తడి తాళం, చెవి ఆవిడ బొడ్డున. మా అమ్మతో మాట్లాడాలంటే అడిగి తీయించుకోవాలి. ఏడ్చాను, పోట్లాడాను, కానీ ఆ తాళాన్ని ఎప్పుడో క్షమించేశాను. అది అందరికీ కనబడేది. మీది కనబడని తాళం. ఆమె వెళ్లిపోయింది ఫోన్ గొడవ మీద కాదనీ, నాలుగు నెలలు తన ఇంట్లో తననే ఎవరో కాపు కాశారని తెలిసి అనీ నాకనిపిస్తోంది.

ఏం చెయ్యాలో చెబుతాను. పెద్దమనుషుల్ని పంపకండి. మీ అమ్మగారిని వెంటబెట్టుకెళ్లకండి. వచ్చే ఆదివారం ఒక్కరే శ్రీకాకుళం వచ్చి, రాజాం మీదుగా బొబ్బిలి వెళ్లండి. ఆ రోడ్డు మీద ఎలాగూ కునుకు పట్టదు, ఏం చెప్పాలో ఆలోచించుకోవచ్చు. రౌటర్ పాడవలేదు, నేనే ఆపానని చెప్పండి. నువ్వు సంపాదిస్తున్నావు, నేను సంపాదించడం లేదు, అది నాకు కష్టంగా ఉందని చెప్పండి. మామగారి ఎదుటే అన్నా తప్పు లేదు.

నోట్‌బుక్ ఆమెది. ఆమె చేతికే ఇవ్వండి, పొయ్యిలో పెడుతుందో దాచుకుంటుందో ఆమె ఇష్టం. ఫొటోలు తీసెయ్యండి, నాకు పంపినవి నేను తీసేశాను. ఆ నాలుగు నెలల ముచ్చట థీసిస్‌లోకి రాకూడదు, 'ఒక గృహిణి' అని పేరు మార్చి కూడా. ఆమె గృహిణి కూడా కాదు కదా. థీసిస్ ఎప్పటికి ఇస్తారో గైడ్‌తో కూర్చుని తేదీ రాయించుకోండి. ఈలోగా ఏ కాలేజీలోనైనా గెస్ట్ లెక్చరర్‌గా వారానికి పది క్లాసులు దొరికినా పట్టుకోండి. నాలుగు రాళ్లు చేతికొస్తాయి, గొంతూ తెరుచుకుంటుంది.

వెంటనే వచ్చెయ్యమని అడగొద్దు. ఆమె వస్తుందో రాదో నేనూ చెప్పలేను. భోజనానికి ఉండమంటే ఉండండి. మధ్యలో ఆమె ఫోన్ మోగితే గడియారం వైపు చూడకండి.