యూజబిలిటీ పరీక్షలో మౌనంగా ఉండే వినియోగదారుల ఆలోచనను తెలుసుకోవడం ఎలా?

వేరే సంస్కృతికి చెందిన వినియోగదారులు యూజబిలిటీ పరీక్ష (ఒక యాప్ లేదా వెబ్‌సైటును వాడడం ఎంత సులువో వారిచేత పనులు చేయించి చూడడం) జరుగుతున్నంతసేపూ మౌనంగా ఉంటున్నారని, అడిగితే "అంతా బాగుంది" అని ఊరుకుంటున్నారని, అటువంటప్పుడు వారి ఆలోచనను ఎలా పట్టుకోవాలని మీరు అడిగారు. పలు దేశాలవారితో ఇటువంటి పరీక్షలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను: వారిచేత మాట్లాడించాలని పట్టుబట్టకుండా, మాటల మీద ఆధారపడే మీ పద్ధతినే మార్చుకోవడం మేలు.

మనసులో మెదిలేదంతా పైకి చెబుతూ పనిచేయమనే పద్ధతిని 1982 ప్రాంతంలో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ యూజబిలిటీ రంగంలోకి తెచ్చారు. దాని వెనుక మనస్తత్వ పరిశోధకులు ఎరిక్సన్, సైమన్ 1980లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఉంది. అప్పటికే మనసులో మాటల రూపంలో ఉన్నదాన్ని పైకి అన్నంత మాత్రాన ఆలోచన తీరు మారదని, కారణాలు వివరించమంటే మాత్రం మారవచ్చని వారి వాదన. అయితే మనస్తత్వ పరిశోధకురాలు హీజంగ్ కిమ్ 2002లో ప్రచురించిన ప్రయోగాలలో, తార్కిక సమస్యలను పైకి మాట్లాడుతూ పరిష్కరించమన్నప్పుడు తూర్పు ఆసియా మూలాలున్న అమెరికన్ విద్యార్థుల ఫలితాలు తగ్గాయి. యూరోపియన్ మూలాలున్న విద్యార్థులలో ఆ తగ్గుదల కనిపించలేదు. అందువల్ల మాట్లాడమని ఒత్తిడి చేస్తే, మనం పరిశీలించదలచిన పనే చెడిపోయే ప్రమాదం ఉంది.

నేను పనిని మౌనంగానే చేయనిచ్చి, స్క్రీన్‌ను రికార్డు చేస్తాను. ఒక్కో పని ముగియగానే ఆ రికార్డింగును వారికే చూపించి, చేయి ఆగిన చోట, వెనక్కి వెళ్లిన చోట నిలిపి, "అప్పుడు మీరు దేనికోసం చూస్తున్నారు?" అని అడుగుతాను. "ఎందుకు అలా చేశారు?" అన్న ప్రశ్న కొందరికి తప్పు పట్టినట్టు వినిపిస్తుంది, పైగా అప్పటికప్పుడు అల్లిన కారణాలను బయటికి తెస్తుంది. అన్ని పనులూ అయ్యాక ఒకేసారి అడిగితే జ్ఞాపకం మసకబారుతుంది కనుక, ఆలస్యం కాస్త ఎక్కువైనా పనివారీగా అడగడమే నయం.

పరిచయస్తులైన ఇద్దరిని కలిపి కూర్చోబెడితే వారి మధ్య సంభాషణ సహజంగా సాగుతుంది, కానీ వారిలో ఒకరు రెండోవారికి పై అధికారి అయితే చిన్నవారు నోరు మెదపరు. మొహమాటం విషయానికి వస్తే, డిజైన్ చేసింది నేను కాదని ముందే చెబుతాను. ఒకే నమూనాను చూపించి అభిప్రాయం అడగడానికి బదులు రెండింటిని పోల్చమంటాను. (ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగి రాబట్టిన అంకెలను నేను దాదాపు పట్టించుకోను.)

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మనస్తత్వ పరిశోధకులు మసుదా, నిస్బెట్ 2001లో నీటి అడుగు దృశ్యాలను చూపించి వర్ణించమన్నప్పుడు, జపాన్ విద్యార్థులు అమెరికన్ల కంటే పరిసరాలను, వాటితో చేపలకున్న సంబంధాలను ఎక్కువగా ప్రస్తావించారు. కాబట్టి ఒక వినియోగదారు బటన్ గురించి చెప్పకుండా పేజీ మొత్తం గురించి మొదలుపెడితే, విషయం తప్పుతున్నారని అనుకొని అడ్డుపడకండి. అలాగని ప్రతి మౌనాన్నీ సంస్కృతికే అంటగట్టడం కూడా సరికాదు: వయసు, చదువు, గదిలో ఎవరు చూస్తున్నారన్నదీ అంతే ప్రభావం చూపుతాయి. నివేదిక రాసే ముందు ఆ ప్రాంతానికి చెందిన పరిశోధకునితో కలిసి రికార్డింగులను చూడండి; మీరు అంగీకారమని రాసుకున్న తలఊపులలో కొన్ని కేవలం "వింటున్నాను" అన్న సూచనలని ఆయన చెప్పవచ్చు.