మొక్కల ముచ్చట: బిళ్ళగన్నేరు ఆకు షుగర్‌కు నమలొచ్చా?

ప్రశ్న: మిద్దె మీద కుండీల్లో బిళ్ళగన్నేరు పెంచుతున్నాను. ఎండాకాలమంతా బాగా పూసింది. ఇప్పుడు కొత్త చిగుళ్లు పసుప్పచ్చగా వస్తున్నాయి. మొన్న ముసురుకు రెండు మొక్కలు ఉన్నట్టుండి వాలిపోయి చచ్చిపోయాయి. పోసేది బోరు నీళ్లే. ఫ్లోరైడ్ వల్ల ఇట్లా అవుతోందా? ఇంకో సంగతి, మా అత్తమ్మకు షుగర్ ఉంది. ఎవరో చెప్పారని రోజూ పరగడుపున నాలుగు ఆకులు నములుతానంటోంది. నమలొచ్చా?
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: ముందు అత్తమ్మ సంగతి చూద్దాం తల్లీ, మొక్క రెండు రోజులు ఆగుతుంది. ఆ ఆకులు నమలనివ్వొద్దు. కషాయం కూడా వద్దు.

ఈ ఆకు షుగర్‌ను తగ్గిస్తుందన్న నమ్మకం జమైకాలోనూ ఉండేది. 1952లో అక్కడి ఆకులు కెనడాకు చేరితే అక్కడి పరిశోధకుడు రాబర్ట్ నోబుల్, తర్వాత ఆయనతో కలిసిన చార్లెస్ బీర్ వాటిని ఎలుకల మీద పరీక్షించారు. షుగర్ పెద్దగా తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అట్లా 1958లో బయటికొచ్చిన క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్. ఆ తర్వాత ఇదే మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇప్పటికీ ఎక్కిస్తున్నారు. పెద్దవాళ్లకు కూడా ఒక డోసు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఎందుకంటే అది నరాలను దెబ్బతీస్తుంది, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. షుగర్ వాళ్లకు అరికాళ్ల తిమ్మిర్లు ముందే ఉంటాయి, దాని మీద ఇదొకటా? ఆకులో మందు కొంచెమే ఉండొచ్చు. కానీ ఏ ఆకులో ఎంతుందో ఎవరు కొలిచిస్తారు? పైగా అందులో ఇంకా చాలా రకాల ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు ఉంటాయి. షుగర్ గోలీలు వేసుకుంటూ ఇది కూడా తింటే రెండూ కలిసి ఏం చేస్తాయో చెప్పలేం, షుగర్ ఒక్కసారిగా పడిపోనూ వచ్చు. కడుపుతో ఉన్నవాళ్లయితే అసలే తినకూడదు. కోడలు చెబితే వినకపోతే ఈ పేజీ చదివి వినిపించండి. దేవుడికి పూలు మాత్రం రోజూ ఆవిడనే కోయమనండి, దానికేం భయం లేదు.

ఇక మొక్క. మన నల్లగొండోళ్లకు ఆకు కొంచెం పాడైనా ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. మనం పడ్డ బాధ అట్లాంటిది. కానీ ఇక్కడ దాని తప్పు లేదనే నా నమ్మకం. ఒక చిగురాకును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యభాగం పాలిపోయిందా? అయితే అది ఇనుప ధాతువు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, బోరు నీళ్లలోని సున్నపు లవణాల వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. ముదిరిన ఆకులు కోలుకోకపోవచ్చు, కొత్త చిగురు రంగు చూడండి. వానాకాలంలో మిద్దె మీది నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే మొక్కలకు అంతకు మించిన నీళ్లు లేవు.

చచ్చిపోయిన రెండింటిదీ వేరే జబ్బు. పీకి చూడండి, కాండం మొదట్లో నల్లబడి, వేరు మీది పొర వేళ్లతో లాగితే ఊడొస్తుంటే అది కుళ్లు తెగులు. నీళ్లు నిలిచినప్పుడే వస్తుంది. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. ఎండను ఎంతైనా ఓర్చుకుంటుంది, వేరు దగ్గర తడి ఆరకపోతే మాత్రం బతకదు. కుండీల కింది పళ్లేలు ఇవాళే తీసేయండి. రెండు పాళ్లు చెల్క మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు కలిపి కొత్తగా నింపండి. చచ్చిన మొక్కల మట్టి మళ్లీ వాడొద్దు. వేలు లోపలికి గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. కొనలు అప్పుడప్పుడు తుంచుతుంటే గుబురుగా పెరుగుతుంది.

ప్రశ్న: బిళ్ళగన్నేరు విత్తనాలు రెండుసార్లు చల్లినా మొలవలేదు. ఎందుకు?
– ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: మట్టి మీద ఊరికే చల్లి వదిలేసి ఉంటావు బాబూ. ఈ విత్తనం చీకట్లోనే బాగా మొలుస్తుంది. సన్నటి మట్టి పలుచగా కప్పి, తడిపి, పైన పాత పేపర్ పరిచి నీడలో పెట్టు. కాయలు పసుపు రంగుకు తిరగగానే కోసి పెట్టుకో, పగిలాయంటే విత్తనాలన్నీ రాలిపోతాయి. పది పదిహేను రోజుల్లో మొలకలొస్తాయి. మొలక కనబడ్డ రోజే పేపర్ తీసెయ్యి, లేకపోతే సన్నగా సాగి పడిపోతాయి.