బిడ్డ తీరు కాదు, పాఠం తీరు చూడండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఫోనులో ఏదో ప్రశ్నావళి పూర్తిచేసి, తాను ‘చూసి నేర్చుకునే రకం’ అని తేల్చుకున్నాడు. అప్పటి నుంచి పాఠ్యపుస్తకం పక్కనపెట్టి వీడియోలే చూస్తున్నాడు. అంతా అర్థమైందంటాడు గానీ మార్కులు తగ్గాయి. పిల్లల తీరును బట్టే చదివించాలంటారు కదా, ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: చూడటం, వినడం, చదివి రాయడం, చేసి చూడటం అంటూ నేర్చుకునే తీరులను నాలుగుగా విడదీసిన ప్రశ్నావళిని న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 1992లో ప్రకటించారు. మీ అబ్బాయి పూరించింది దానికి నకలే కావచ్చు. అటువంటివి ఎవరికి ఏది ఇష్టమో చెప్పగలవే తప్ప, ఎవరికి దేనివల్ల చదువు వస్తుందో చెప్పలేవు. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 2008లో సమీక్షించి, విద్యార్థి తీరుకు తగ్గట్టు బోధిస్తే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

పద్ధతిని నిర్ణయించవలసింది పాఠమే. హంద్రీ మీ ఊరి దగ్గర తుంగభద్రలో కలిసే చోటు పటంలో చూస్తేనే మనసులో నిలుస్తుంది, పద్యం గొంతెత్తి చదివితేనే నోటికి వస్తుంది, లెక్క చేత్తో చేస్తేనే పట్టుబడుతుంది. ఏ బిడ్డకైనా ఇంతే.

వీడియో నడుస్తున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే తర్వాతి మాట ఎప్పటికప్పుడు అవతలివారే అందిస్తుంటారు. రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే పాఠాన్ని రెండోసారి చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మాత్రం వారికి 42 శాతం గుర్తుండగా, ఒకసారి చదివి, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది.

గుండె పాఠమే తీసుకోండి. వీడియో ఒకసారి చూడనివ్వండి, మాన్పించడానికి గొడవపడనక్కరలేదు. ఆ తర్వాత ఫోను మీరు తీసుకుని, తెల్లకాగితం ఇచ్చి, కుడి కర్ణికలోకి, అంటే గుండెలో కుడివైపు పై గదిలోకి, వచ్చిన రక్తం ఊపిరితిత్తులకు పోయి తిరిగి వచ్చి దేహమంతటికీ చేరే దారిని గీసి పేర్లు రాయమనండి. ధమని అనగానే మంచి రక్తమే అనుకునే పిల్లలు చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకుపోయే పుపుస ధమని దగ్గర తడబడటం మామూలే. అక్కడ వెంటనే అందించకండి. కాసేపు తంటాలు పడ్డాక పుస్తకం తెరిచి ఆ ఒక్క భాగం సరిచూసుకోమనండి. అదే బొమ్మను రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత మరోసారి ఏమీ చూడకుండా గీయించండి. మీకు జీవశాస్త్రం రాకపోయినా, పుస్తకంలోని పటం పక్కన పెట్టుకుని పోల్చడం కష్టమేమీ కాదు.