కారు నల్ల ప్లాస్టిక్ తెల్లబడిందా? ముందు తడిగుడ్డతో తుడిచి చూడండి

మీ కారు 2017 మోడల్ అన్నారు. బంపర్ కింది భాగం, చక్రాల పైన ఉండే నల్ల ప్లాస్టిక్ అంతా బూడిద రంగుకి తిరిగిపోయిందన్నారు. కొబ్బరినూనె రాయమని ఒకరు, హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) పెట్టమని ఒకరు, నల్ల స్ప్రే కొట్టించుకోమని మెకానిక్ చెబుతుంటే ఏది నిలుస్తుందో తెలియట్లేదని అడిగారు. ఈ మూడింట్లో రెండు నేను చేసి చూశాను, మూడోది పక్కింటి కారు మీద కళ్లారా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విజయవాడ. మా నాన్న రిటైరయ్యాక ఇష్టపడి కొనుక్కున్న కారు, 2016 మోడల్. తెల్ల బాడీ, చుట్టూ మోకాలెత్తున నల్ల క్లాడింగ్, అంటే బాడీ కింది అంచున బిగించే ప్లాస్టిక్ పట్టీలు. అపార్ట్‌మెంట్‌లో మాకు దొరికిన పార్కింగ్‌కి పైకప్పు లేదు, పడమటి ఎండ నేరుగా కొడుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఎండంతా కారు కుడి పక్క మీదే. ఐదేళ్లు తిరిగేసరికి కుడివైపు ప్లాస్టిక్ తెల్లబడిపోయింది, ఎడమవైపు ఇంకా నల్లగానే ఉంది. నాన్న ప్రతి ఆదివారం కారు తనే కడిగేవారు. ఒకరోజు బ్రష్ పక్కన పడేసి "ఎంత రుద్దినా ఈ దుమ్ము పోవట్లేదురా" అన్నారు. ఆ మాటకి మనసు చివుక్కుమంది. దీని సంగతేంటో తేల్చుకోవాలని ఆరోజే అనుకున్నాను.

తీరా చూస్తే అది దుమ్ము కాదు. పొడిగా ఉన్నప్పుడు బొటనవేలితో గట్టిగా రాస్తే, సుద్దముక్క పట్టుకున్నట్టు వేలికి బూడిదరంగు పొడి అంటింది. వెనక తలుపు తీసి చూస్తే అసలు విషయం ఇంకా స్పష్టంగా కనబడింది. తలుపు మూసినప్పుడు లోపలికి పోయే అంచు, వేలెడు వెడల్పు పట్టీ, షోరూమ్‌లో ఉన్నప్పటి నలుపుతో అలాగే ఉంది. స్కేలు పెట్టి గీత గీసినట్టు దానికి అవతల నలుపు, ఇవతల బూడిద. దుమ్మూ నీళ్లూ రెండు చోట్లా పడినవే. ఒకచోట ఎండ తగిలింది, ఇంకోచోట తగల్లేదు, అంతే తేడా.

వీలుంటే మీ కారుకి వదులైన క్లాడింగ్ ముక్క వెనకవైపు చూడండి. పీపీ ప్లస్ ఈపీడీఎమ్ టీడీ20 లాంటి అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎమ్ ఒక రకం రబ్బరు, టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ కలిపారని. మనం మొహానికి రాసుకునే పౌడర్లలో ఉండే టాల్కే అది, తెల్లగా ఉంటుంది. నలుపు రావడానికి కార్బన్ బ్లాక్ కలుపుతారు. పైన పెయింట్ ఉండదు, పెయింట్ మీద వేసే క్లియర్ కోట్ అనే పారదర్శక పూత కూడా ఉండదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరలోని ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపేస్తూ ఉంటాయి. పొర పెళుసుబారి, కంటికి కనబడని పగుళ్లు పడి, లోపలి టాల్క్ బయటపడుతుంది. ఆ గరుకు మీద పడిన వెలుతురు నలుదిక్కులా చెదిరిపోయి మన కంటికి బూడిదరంగుగా కనిపిస్తుంది. కింద నలుపు ఇంకా అలాగే ఉంది.

అందుకే ఏమీ కొనకముందు ఒక్క పని చేయండి. శుభ్రంగా కడిగి ఆరనిచ్చిన ప్లాస్టిక్ మీద తడిగుడ్డ పెట్టి తుడవండి. తడి ఉన్నంతసేపూ కొత్తదానిలా నల్లగా కనిపిస్తే మీ పని సులువు. నీళ్లు ఆ సన్నటి గుంతలను నింపడం వల్ల నలుపు కనబడుతోందన్నమాట. నీళ్లకి బదులు ఆరిపోకుండా నిలబడేదాన్ని అక్కడ నింపగలిగితే చాలు. తడిలో కూడా తెల్ల గీతలు కనబడితే అక్కడ పగుళ్లు లోతుగా పోయాయి. ఆ ముక్క మార్చుకోవడమే మంచిది.

ఇది అర్థమైతే కొబ్బరినూనె సంగతి కూడా అర్థమవుతుంది. అదీ గుంతలు నింపుతుంది, రాసిన సాయంత్రానికి కారు కళకళలాడుతుంది. నేనూ రాశాను. కానీ నూనె ఆరదు, గట్టిపడి నిలవదు. రెండు రోజులకి రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంది. పైగా నేను రాసింది జనవరిలో. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కదా. పొద్దున్నే కిందికి వెళ్లి చూస్తే బంపర్ మీద తెల్లటి మీగడ తెట్టు! షాంపూతో ఒక్కసారి కడిగేసరికి మొత్తం పోయి మళ్లీ మొదటికొచ్చింది. కిరసనాయిలు, డీజిల్ రాసేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్కనే ఉండే రబ్బరు బీడింగులు వాటికి ఉబ్బి పాడవుతాయి.

ఒకసారి వాటర్ వాష్‌కి ఇస్తే అక్కడ టైర్ పాలిష్‌నే ప్లాస్టిక్ మొత్తానికి పట్టించారు. అది సిలికాన్ ఆయిల్. అద్దంలా మెరిసింది. వారం లోపే వాన పడితే సైడ్ మిర్రర్ కింది ప్లాస్టిక్ నుంచి జిడ్డు కారి తెల్ల తలుపు మీద చారలు కట్టింది. ఆ చారలు వదిలించడానికి నాకూ నాన్నకీ ఒక ఆదివారం మొత్తం పట్టింది.

హీట్ గన్ మాత్రం చూసినప్పుడు నిజంగా మాయలాగే ఉంటుంది. వేడి తగిలిన చోటల్లా బూడిద పోయి నలుపు పాకుతూ వస్తుంది. స్నేహితుడి షాపులో ఊడదీసిన ముక్క మీద నేనే చేసి చూశాను. అక్కడ జరిగేది పై పొర కొంచెం కరిగి నున్నబడటం. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, హీట్ గన్ గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. తోలులాంటి ఆ గరుకు డిజైన్ పోయి రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ పడింది. అది ఇక ఎప్పటికీ పోదు. అదే పొరపాటు కారు మీద జరిగి ఉంటే పక్క పెయింట్ పొంగేది. మిగతా ముక్క బాగానే వచ్చింది, కానీ దాని మీద రక్షణగా ఏమీ రాయలేదు కాబట్టి వేసవి దాటేసరికి మళ్లీ పాలిపోయింది. అందుకని ఈ దారి వద్దనే చెబుతాను.

స్ప్రే గురించి ఒక్క మాట. పాలీప్రొపిలీన్‌కి పెయింట్ మామూలుగా అంటుకోదు. బాగా శుభ్రం చేసి, సన్నగా సాండింగ్ చేసి, ప్లాస్టిక్‌కి వాడే ప్రత్యేకమైన ప్రైమర్ కొట్టాకే రంగు వేయాలి. పక్కింటివాళ్లు అవేమీ లేకుండా డబ్బా స్ప్రే కొట్టించారు. ఏడాది తిరక్కుండానే ఉల్లిపొరల్లా లేచిపోయింది.

నేను చివరికి వాడింది రంగు ఉండే ట్రిమ్ రిస్టోరర్, అంటే పాలిపోయిన ప్లాస్టిక్‌కి మళ్లీ నలుపు తెచ్చే పూత. మార్కెట్లో ఆ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. కొన్ని ఒట్టి సిలికాన్, కొన్నిటిలో నల్ల రంగు ఉంటుంది, కొన్ని సిరామిక్ కోటింగులు. సీసా బాగా ఊపి తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేస్తే తెలిసిపోతుంది. రంగున్నదైతే ఇంకు పడ్డట్టు నల్లగా ఇంకుతుంది. బాగా తెల్లబడిన ప్లాస్టిక్‌కి అది సరిపోతుంది. మీది ఇప్పుడిప్పుడే పాలిపోతుంటే సిరామిక్ రకం మేలు, పైన గట్టి పొరలా నిలుస్తుంది.

అయితే ఏది వాడినా కష్టమంతా కడగడంలోనే ఉంది. ఇక్కడ తొందరపడ్డవాళ్లే "డబ్బులు దండగ" అంటారు. నేను ఆల్ పర్పస్ క్లీనర్‌ని ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ తోమాను. మొదటిసారి కారిన నురగ టీ డికాక్షన్ రంగులో ఉంది. అదంతా పాత పాలిష్, పాత జిడ్డు. నురగ తెల్లగా వచ్చేదాకా మూడుసార్లు తోమాల్సి వచ్చింది. మా బోరు నీళ్ల ఉప్పు మరకలు అయినా పోలేదు. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి గుడ్డతో రెండు నిమిషాలు అద్ది ఉంచి కడిగితే పోయాయి. బాడీకి వ్యాక్స్ పాలిష్ చేసినప్పుడు ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కునే తెల్ల మచ్చలకి పిల్లల పెన్సిల్ రబ్బరు బాగా పనిచేసింది. నమ్మకపోతే ఒక మూల రుద్ది చూడండి. అన్నీ అయ్యాక రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాను.

తర్వాత పెయింట్ అంచులన్నిటికీ మాస్కింగ్ టేప్ వేశాను. తెల్ల కారు కాబట్టి ఇది తప్పనిసరి. ఒకచోట టేప్ వేయడం మర్చిపోయి రంగు తలుపు మీదికి పోయింది. వెంటనే తుడిస్తే పోయింది గానీ, ఆరితే ఏమయ్యేదో! స్పాంజ్ అప్లికేటర్ మీద నాలుగైదు చుక్కలు వేసి, రెండు జానలంత చోటే తీసుకుని, గరుకులోకి ఇంకేలా అటూ ఇటూ రాసి, మిగిలినదాన్ని వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ నలుపు రాదు, చారలు మాత్రం వస్తాయి. ఎండలో, వేడెక్కిన ప్లాస్టిక్ మీద అస్సలు రాయకండి. రాస్తుండగానే ఆరిపోయి మచ్చలు పడతాయి. నేను పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించాను. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వలేదు.

అది 2022 సంక్రాంతి ముందు. టేప్ పీకి, అదే వెనక తలుపు తీసి ఆ అంచు చూశాను. నలుపుకీ బూడిదకీ మధ్య ఉన్న గీత వెతికితే తప్ప కనబడలేదు. నాన్న కిందికి వచ్చి ఏమీ మాట్లాడకుండా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. తర్వాత కుడివైపు బంపర్ మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నారు. పొడి అంటలేదు.

రెండేళ్లు బాగానే నిలిచింది. ఒక్క వైపర్ల కింద ఉండే ప్యానెల్ మాత్రం ఏడాదికే పాలిపోవడం మొదలైంది. దాని మీద ఎండ నిలువునా పడుతుంది, పైగా బానెట్ వేడి కూడా తోడవుతుంది. ఆ ఒక్క భాగానికి ఏటా ఇంకో పూత వేస్తున్నాను. మిగతాదానికి నెలకొకసారి, వాష్ అయి ఆరాక, నీటి ఆధారిత యూవీ ప్రొటెక్టెంట్ (అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ద్రవం) తుడుస్తాను. పది నిమిషాల పని. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల సర్ఫ్ కారుకి వాడటం మానేశాం. అవి ఆ పూతను త్వరగా ఊడగొట్టేస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి ప్లాస్టిక్ ఎంత! అందుకే మే నెలంతా కారుని తిప్పి పెడతాం, ఒక వారం ఎడమవైపు పడమరకి, ఒక వారం కుడివైపు. నీడ దొరికితే అంతకన్నా కావలసింది లేదు. కవర్ వేస్తే మాత్రం కారు మీద దుమ్ము లేకుండా చూసుకుని వేయండి, లేకపోతే గాలికి కవర్ కదిలి పెయింట్ మీద గీతలు పడతాయి.

మీ కారు ఫొటోలో కిటికీల మధ్య మెరిసే నల్ల పట్టీలు కనిపిస్తున్నాయి. వాటికి ఇది రాయకండి. అవి గరుకు ప్లాస్టిక్ కాదు, నున్నగా మెరిసే రకం. వాటి మీద గీతలు పడితే పెయింట్‌కి చేసినట్టు సన్న పాలిష్ చేయించాలి. కిటికీ రబ్బర్లకి కూడా ఈ రంగు వద్దు, వాటికి సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. పెడల్స్, ఫుట్‌బోర్డ్ దగ్గరికి మాత్రం ఏ జిడ్డునీ రానివ్వకండి, కాలు జారుతుంది.

మొదట వెనక బంపర్ కింద, ఎవరికీ కనబడని చోట అరచేయంత మేర రాసి వారం ఆగండి. రెండు వాష్‌లు అయ్యాక కూడా ఆ నలుపు అలాగే ఉంటే మిగతా కారంతా చేసుకోవచ్చు. తడిగుడ్డ పెట్టినప్పుడు తెల్ల గీతలేమైనా మిగిలితే దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.